లేత రంగు సీట్లు, నీలం ప్యాంట్లు

లేత రంగు సీట్లున్న కారు కొన్నవాళ్లకు హైదరాబాద్‌లో రెండు సలహాలు ఉచితంగా దొరుకుతాయి. వెంటనే కవర్లు వేయించెయ్యమనేది ఒకటి. జీన్స్ వేసుకున్నవాళ్లని ఎక్కించుకోవద్దనేది రెండోది. మా కారు సీట్లు బీజ్ రంగు, ఎండలో చూస్తే దాదాపు తెలుపే. కొన్న కొత్తలో లిఫ్టులో కలిసినవాళ్లు, ఆఫీసులో పక్కన కూర్చునేవాళ్లు, పెట్రోల్ బంకులో గన్ను పట్టుకున్న అబ్బాయి, అందరూ ఈ రెంటిలో ఏదో ఒకటి చెప్పారు. నేను రెండూ వినలేదు. ఎందుకు వినలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా వాదన చిన్నదే. బట్టల రంగు సీటుకు ఎక్కడానికి వారాలు పడుతుంది. రోజూ కంటికి కనిపించనంత కొంచెం ఎక్కుతుంది, మనం చూసేసరికి నీలం నీడలా పరుచుకుని ఉంటుంది. అంత నెమ్మదిగా వచ్చేదాన్ని ఆపడానికి అంతే నెమ్మదైన, విసుగు పుట్టించే పని కావాలి: వారానికోసారి తడిగుడ్డతో తుడవడం, కొత్త ముదురు రంగు బట్టల్ని కారెక్కే ముందు రెండు మూడుసార్లు ఉతకడం. కవర్లూ కోటింగులూ ఈ రెంటి తర్వాతే. కానీ మన దగ్గర వ్యాపారమంతా ఆ తర్వాతి వాటి చుట్టూనే నడుస్తోంది, ఎందుకంటే తడిగుడ్డకు మార్జిన్ లేదు.

ముందు ఆ నీలం సంగతి చూద్దాం. జీన్స్‌కి వేసే రంగు నీలిమందు, ఇండిగో. ఇది నీళ్లలో కరగదు. కరగనిదాన్ని నూలుకు పట్టించాలంటే రసాయనాలతో దాని రూపం మార్చాలి. అప్పుడది పసుపుపచ్చగా మారి నీళ్లలో కరుగుతుంది. ఆ తొట్టిలో నూలును ముంచి, పైకి తీసి గాలికి ఆరబెడితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ నీలంగా, కరగనిదిగా మారి దారానికి అతుక్కుంటుంది. ముదురు రంగు కావాలంటే ఇలా ముంచడం, ఆరబెట్టడం చాలాసార్లు చేయాలి. ఇంత చేసినా రంగు దారం పై పొరల్లోనే ఉండిపోతుంది, నడిమి దాకా వెళ్లదు. జీన్స్ దారాన్ని అడ్డంగా కోసి చూస్తే ఎర్ర ముల్లంగిని కోసినట్టే ఉంటుంది, చుట్టూ రంగు, మధ్యలో తెలుపు. పైగా నూలుకూ ఇండిగోకూ మధ్య గట్టి రసాయన బంధం ఏమీ లేదు, రంగు రేణువులు పోగుల సందుల్లో ఇరుక్కుని ఉంటాయంతే. రుద్దితే ఊడి వస్తాయి. జీన్స్ మోకాళ్ల దగ్గర, జేబుల అంచుల్లో అందంగా వెలిసిపోయేది దీనివల్లే. ఆ వెలిసిపోయిన రంగు గాలిలో కలిసిపోదు కదా, ఎక్కడో ఒకచోట తేలాలి. గంటంపావు కదలకుండా కూర్చునే చోట తేలుతుంది.

ఈ నీలిమందు మనకు కొత్తదేం కాదు. ఒకప్పుడు కడప, నెల్లూరు జిల్లాల్లో దీన్ని పండించి మద్రాసు మీదుగా విదేశాలకు పంపేవారు. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ ఇండిగోను మార్కెట్లోకి తెచ్చాక ఆ సాగు కూలబడిపోయింది. 1917లో గాంధీ చంపారన్ వెళ్లింది నీలిమందు రైతుల కోసమే. ఇప్పుడు ప్రపంచంలో జీన్స్‌కి వేసేదంతా దాదాపుగా ఆ ఫ్యాక్టరీ సరుకే, కానీ చెట్టు నుంచి వచ్చినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినా అణువు ఒకటే. కాబట్టి సహజ రంగు అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న నీలం కుర్తా మరక చేయదని నమ్మకండి. అదీ చేస్తుంది.

ఇండిగో ఒక్కదాని మీదే నేరం మోపడం కూడా సరికాదు. చవక నల్ల కాటన్ ప్యాంట్లకు ఎక్కువగా గంధకపు రంగులు వేస్తారు. అవి కూడా తడిసినప్పుడు రుద్దితే వదులుతాయి. మెరూన్, బాటిల్ గ్రీన్, ముదురు ఎరుపు కాటన్ కుర్తాల్లో వాడే రంగులు నిజానికి నూలుతో గట్టిగానే కలుస్తాయి. కానీ అద్దకం అయ్యాక పట్టకుండా మిగిలిపోయిన రంగును బాగా కడగాలి. ఆ కడుగుడుకు నీళ్లు, వేడి, సమయం కావాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు కోత పెట్టేది అక్కడే. మొదటి ఉతుకులో బకెట్ నీళ్లు ఎర్రబడేది ఆ మిగిలిపోయిన రంగుతోనే. ఇక నల్ల తోలు బెల్టులు, చవక హ్యాండ్‌బ్యాగులు, పిల్లల స్కూలు బ్యాగుల అడుగుభాగం, వీటిని ఎవరూ అనుమానించరు. మా వెనక సీటు మీద నేను చూసిన మొదటి ముదురు చార పక్కన ఎవరి జీన్సూ లేదు, అక్కడ రోజూ పెట్టేది నా ల్యాప్‌టాప్ బ్యాగు.

ఇప్పుడు సీటు వైపు వద్దాం. మనం తోలు సీట్లు అంటున్నవాటిలో చాలావరకు తోలు కావు. బ్రోషర్‌లో లెదరెట్ అని ఉంటుంది, అంటే గుడ్డ మీద పీవీసీ గానీ పాలియూరిథేన్ గానీ, ఏదో ఒక ప్లాస్టిక్ పూసిన సరుకు. అసలు తోలు అని చెప్పిన ఖరీదైన కార్లలో కూడా చాలాసార్లు మనం కూర్చునే భాగం మాత్రమే తోలు, పక్కలూ వెనకా కృత్రిమమే. ఈ తేడా మరకల విషయంలో చాలా ముఖ్యం.

కార్లలో వాడే అసలు తోలు మీద రంగు పూత, దాని పైన పారదర్శకమైన పాలియూరిథేన్ పూత ఉంటాయి. జీన్స్ రంగు ముందు ఆ పై పూత మీద కూర్చుంటుంది. పూత బాగున్నంత కాలం తుడిస్తే పోతుంది. పూత అరిగి, పగుళ్లు పట్టిన చోట తోలులోకి దిగుతుంది, ఇక అక్కడ తుడుపు పనిచేయదు. పీవీసీ కథ వేరు. అది మెత్తగా ఉండడానికి నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. నీళ్లలో కరగని రంగులు వాటిలోకి మెల్లగా ఇంకుతాయి. మరక పైన ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపలికి దిగిపోయి ఉంటుంది, దిగాక ఏ క్లీనరూ దాన్ని వెనక్కి లాగలేదు. దిగడానికి కావలసినవి నాలుగు: ఒత్తిడి, తడి, వేడి, సమయం.

ఆ నాలుగూ మన ఊళ్లో పుష్కలం. ఎల్బీ నగర్ నుంచి రాయదుర్గం దాకా పొద్దున పూట డ్రైవ్ చేసేవాళ్లని అడగండి, ఒత్తిడీ సమయమూ వాళ్లే చెబుతారు. తడి రెండు రకాలు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ చల్లబడే లోపు కారే చెమట ఒకటి, జూన్ తర్వాత వానలో రోడ్డు దాటి, తడిసిన ప్యాంటుతో కారెక్కడం ఇంకొకటి. వేడి సంగతి చెప్పనక్కర్లేదు. బయట 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో గంట తిరిగేసరికి 60 దాకా పోతుంది, ఎండ నేరుగా పడే సీటు పైభాగం ఇంకా ఎక్కువ కాలుతుంది. పొద్దున సీటు మీద రుద్దుకున్న కాస్త రంగు, మధ్యాహ్నమంతా ఆఫీసు బయట ఓపెన్ పార్కింగ్‌లో కాగి, సాయంత్రానికి అక్కడే స్థిరపడుతుంది. నల్ల ఫిల్ముల్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది కాబట్టి అద్దాలకు అవి వేసుకునే దారి లేదు. మిగిలింది నిలిపినప్పుడు ముందు అద్దానికి అడ్డంగా పెట్టే వెండిరంగు సన్‌షేడ్. అది డ్యాష్‌బోర్డు కోసం అనుకుంటాం గానీ, ముందు సీట్లకూ అంతే మేలు చేస్తుంది.

ఈ లెక్కలో మరక ముందు ఎక్కడ పడుతుందో ఊహించవచ్చు. డ్రైవర్ సీటు కుడిపక్కన ఉబ్బెత్తుగా ఉండే అంచు మీద. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొడ రాసుకుంటూ వెళ్లేది దాని మీదే. పూత ముందుగా అరిగేదీ, రంగు ముందుగా ఎక్కేదీ అక్కడే. సీటంతా చూసుకునే ఓపిక లేనివాళ్లు ఆ ఒక్క అంచును చూసుకున్నా సగం పని అయినట్టే.

ఇక కవర్లు. లేత రంగు ఇంటీరియర్ కావాలని వేరియంట్ మార్చి, వెయిటింగ్ భరించి కొంటారు. డెలివరీ అయిన వారానికే దాని మీద నల్ల కవరు వేయిస్తారు. ఆ బీజ్ రంగును తర్వాత చూసేది ఎవరు? కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాడు. ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు. అభిరుచి సంగతి పక్కన పెట్టినా, భద్రత ఉంది. 2023 అక్టోబరులో కార్లను గుద్ది చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ మొదలయ్యాక ఎయిర్‌బ్యాగుల గురించి షోరూముల్లో అందరూ అడుగుతున్నారు, ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు చాలా మోడళ్లలో వస్తున్నాయి. ఆ ఆరులో రెండు ముందు సీట్ల పక్కభాగంలో, కుట్టు వెనకాల ఉంటాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు కనిపిస్తుంది చూడండి. గుద్దుకున్నప్పుడు ఆ కుట్టు చిట్లి బ్యాగు బయటికి రావాలి. దాని మీద ఇంకో మందపాటి కవరు బిగించి కుట్టించేస్తే, బ్యాగు రావడం ఆలస్యం కావచ్చు, రావలసిన దిక్కున రాకపోవచ్చు. ఎయిర్‌బ్యాగు చోట తెరుచుకునేలా చేసిన కవర్లు ఉన్నాయి, కానీ అడిగి, చూసి కొనాలి. చాలా షాపుల్లో "అన్నీ అవే మేడమ్" అనే జవాబు వస్తుంది. రంధ్రాల్లోంచి గాలి వచ్చే వెంటిలేటెడ్ సీట్ల కోసం అదనంగా కట్టి, ఆ రంధ్రాల్ని కవరుతో మూసేసేవాళ్ల గురించి వేరే చెప్పాలా?

ఇంకొకటి, ముదురు కవర్లు కూడా రంగు వదులుతాయి. కొత్త ఎర్ర గుడ్డ కవరును మే నెలంతా లేత సీటు మీద బిగించి ఉంచితే ఏం జరుగుతుందో పైన చెప్పిన నాలుగింటినీ కలిపి చూసుకోండి.

ఈ విషయంలో మా మామయ్యగారిది పాత పద్ధతి. ఆయన సెక్రటేరియట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆఫీసర్ల కుర్చీల మీద, అంబాసిడర్ కార్ల వెనక సీట్ల మీద తెల్ల టర్కీ టవల్ పరిచే కాలం నుంచి వచ్చినవారు. కారెక్కగానే సంచిలోంచి టవల్ తీసి సీటు మీద పరుచుకుంటారు. "సీటు కోసం కాదమ్మా, నా వీపు చెమటకి" అంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది గానీ, ఆలోచిస్తే మార్కెట్లో ఉన్న వాటన్నిటికన్నా అదే మేలు. తెలుపు కాబట్టి రంగు వదలదు. ఎవరి ప్యాంటు రంగు పోతోందో వెంటనే చూపిస్తుంది. చెమట పీలుస్తుంది. రెండు నిమిషాల్లో తీసి వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చు. సీటు పక్క ఎయిర్‌బ్యాగుకు అడ్డం రాదు. అధికార దర్పానికి గుర్తుగా ఆ తెల్ల టవళ్లని ఎన్నో ఏళ్లుగా వెక్కిరిస్తున్నాం. దర్పం సంగతేమో గానీ, గుడ్డ ఎంపికలో వాళ్లది సరైన లెక్కే. కొత్త జీన్స్‌తో లాంగ్ డ్రైవ్ వెళ్లే రోజున నేనూ అదే పరుస్తాను. డ్రైవర్ సీటులో మాత్రం జారకుండా వెనక గట్టిగా దోపుకోవాలి, కాళ్ల దగ్గరికి వేలాడకూడదు.

కోటింగుల సంగతి. రాణిగంజ్ వైపు కారు డెకార్ షాపులు వరసగా ఉంటాయి, అక్కడ ఒక షాపులో అడిగాను.

"సెరామిక్ కోటింగ్ ఏసేద్దాం మేడమ్. మూడేండ్ల దాకా ఏం టెన్షన్ లేదు. జీన్స్ గీన్స్ ఏది అంటదు."

"గ్యారంటీ కార్డు మీద జీన్స్ మరక పడదని రాసిస్తారా?"

"అట్ల రాయం మేడమ్. మెయింటెనెన్స్ మీరు మంచిగ చేస్కోవాలె కదా."

ఆయన చెప్పిన చివరి మాటే అసలు నిజం. ఈ కోటింగులు బూటకం కాదు. సీటు పై పూత మీద ఇంకో పలుచని పొర వేస్తాయి. జీన్స్ రంగు ముందు ఆ పొరకు అంటుకుంటుంది, తుడిస్తే సులువుగా వస్తుంది. కానీ రోజూ రాపిడి తగిలే చోట ఆ పొర కొన్ని నెలల్లో అరిగిపోతుంది, ముఖ్యంగా ఆ కుడి అంచు మీద. అరిగాక మళ్లీ వేయాలి. తుడవనివాడికి కోటింగు ఉన్నా లేనట్టే. తుడిచేవాడికి కోటింగు పని కొంచెం తేలిక చేస్తుంది. వేయించుకోవాలంటే సీట్లు కొత్తగా ఉన్నప్పుడే, పూర్తిగా శుభ్రం చేయించి వేయించుకోండి. మరక ఉన్న సీటు మీద వేస్తే మరకను కూడా కలిపి కాపాడినట్టు అవుతుంది. చేత్తో రాసుకునే లెదర్ ప్రొటెక్టర్ బాటిల్ కొనుక్కుని మూడు నాలుగు నెలలకోసారి ఆ అంచుల మీద మనమే రాసుకోవడం నా లెక్కలో చవకా, మేలూ. వాషింగ్ సెంటర్లలో చివర్న పూసే తళతళలాడే పాలిష్ మాత్రం వద్దని ముందే చెప్పండి. దాని జిడ్డుకు దుమ్మూ రంగూ రెండూ అంటుకుంటాయి.

తుడవడం గురించి ఇంత చెప్పి, ఎలా అనేది చెప్పకపోతే ఎలా? ముందు వ్యాక్యూమ్, లేదా మెత్తటి బ్రష్. మన ఊరి దుమ్ములో ఇసుక ఉంటుంది, దుమ్ము మీదే గుడ్డ వేసి రుద్దితే ఆ ఇసుక పై పూతను గీసేస్తుంది. తర్వాత తెల్ల మైక్రోఫైబర్ గుడ్డను తడిపి గట్టిగా పిండి తుడవాలి. గుడ్డ తెల్లగా ఉండడం ముఖ్యం, రంగు వస్తోందో లేదో అదే చెబుతుంది. బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్ల చారలు మిగులుతాయి. ఫిల్టర్ నీళ్లు ఒక మగ్గు చాలు. గుడ్డకు నీలం అంటితే అప్పుడు లెదర్ క్లీనర్ తీయాలి. సీటు మీద నేరుగా చల్లకుండా గుడ్డ మీదో, మెత్తటి బ్రష్ మీదో వేసుకుని నురగ చేసి, చిన్న చిన్న చుట్లుగా రుద్ది, వెంటనే తడిగుడ్డతో తీసేయాలి. రంధ్రాల సీట్లలో నీళ్లు పోస్తే లోపలి ఫ్యాన్లలోకి దిగుతాయి. ఆ వారం మరక ఆ వారమే అయితే ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

అపార్ట్‌మెంట్లలో తెల్లారగట్ల కార్లు తుడిచే అబ్బాయిలకు లోపలి సీట్లు అప్పజెప్పకండి. వాళ్ల పనితనం మీద ఫిర్యాదు లేదు. కానీ ఒక బకెట్, ఒక గుడ్డతో పది కార్లు తుడుస్తారు, మడ్‌గార్డు తుడిచిన గుడ్డే సీటు మీదికి వస్తుంది. సిగ్నళ్ల దగ్గర అమ్మే పసుపు గుడ్డ అయితే కొత్తలో తనే రంగు వదులుతుంది.

వాడకూడనివి కూడా ఉన్నాయి, వాటిని యూట్యూబ్‌లో ఎక్కువగా చూపిస్తారు. థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ మరకతో పాటు సీటు పూతనూ కరిగిస్తాయి. మ్యాజిక్ స్పాంజి అని అమ్మే తెల్ల ముక్క మెలమైన్ నురగ, అది చేసే పని సన్నటి ఉప్పుకాగితం పనే. మొదటిసారి మరక అద్భుతంగా పోతుంది, దాంతో పాటు పై పూత కాస్త పోతుంది. తర్వాతి మరక అక్కడే ఇంకా త్వరగా, ఇంకా లోతుగా దిగుతుంది. టూత్‌పేస్టు, వంటసోడా కూడా ఆ కోవలోవే. కోవిడ్ రోజుల నుంచి కార్లలో ఉండిపోయిన శానిటైజర్ బాటిల్‌ను ఈ పనికి తీస్తారు కొందరు. అందులో ఎక్కువభాగం ఆల్కహాల్, పదే పదే వాడితే సీటు మెరుపు పోయి జిగటగా తయారవుతుంది. కొబ్బరినూనె తోలుకు మంచిదనే మాట ఎక్కడ పుట్టిందో గానీ, పూత ఉన్న సీటులోకి నూనె ఇంకదు, పైనే ఉండి మన బట్టలకు అంటుతుంది.

ఇక బట్టల వైపు. మన ఇళ్లలో కొత్త రంగు బట్టను ఉప్పు నీళ్లలో నానేస్తే రంగు కట్టుకుంటుందని నమ్మకం. అమ్మలు చేసేవారు, మనం చేస్తున్నాం. ఉప్పు పనికొచ్చేది అద్దకం తొట్టిలో, కొన్ని రకాల రంగులు నూలు వైపు వెళ్లడానికి. అద్దకం పూర్తయిన బట్టకు ఇంట్లో ఉప్పు వేసినంత మాత్రాన రంగు గట్టిపడదు, ఇండిగోకైతే అసలే ఏమీ కాదు. వెనిగర్ కూడా అంతే. నిజంగా పనిచేసేది ఉతకడం. జీన్స్‌ను లోపలి వైపు బయటికి తిప్పి, చల్లటి నీళ్లలో, సబ్బుపొడితో, విడిగా, రెండు మూడుసార్లు. ఊడిపోవలసిన రంగు ఊడిపోయాక మిగిలింది అంత తేలిగ్గా రాదు. డెనిమ్ ప్రియులకు ఇది నచ్చదు, నెలల తరబడి ఉతక్కుండా వేసుకుంటేనే ముడతల దగ్గర చక్కగా వెలుస్తుందని వాళ్ల వాదన. ఉతక్కుండా వేసుకోండి, మెట్రోలో వెళ్లండి. అక్కడ సీట్లు స్టీలువి.

ఏ ప్యాంటు ప్రమాదమో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. బట్టల పరిశ్రమలో దీనికి పరీక్ష ఉంది. ఒక చిన్న యంత్రం వేలికి తెల్ల నూలుగుడ్డ తొడిగి, 9 న్యూటన్ల బలంతో బట్ట మీద 10 సార్లు ముందుకూ వెనక్కూ రుద్దుతారు. పొడిగా ఒకసారి, తడిగా ఒకసారి. గుడ్డకు అంటిన రంగును బట్టి 1 నుంచి 5 దాకా మార్కులు, 5 అంటే ఏమీ అంటలేదని. ముదురు డెనిమ్ పొడి పరీక్షలో ఫర్వాలేదనిపించినా తడి పరీక్షలో బాగా తగ్గుతుంది. మన ఇంట్లో తెల్ల చేతిరుమాలు తడిపి, ప్యాంటు తొడ మీద గట్టిగా పదిసార్లు రుద్దితే అదే పరీక్ష. రుమాలు నీలమైతే ఆ ప్యాంటు మళ్లీ బకెట్లోకి.

పసుపు మరకది వేరే దారి. వరలక్ష్మీ వ్రతం నాడు కాళ్లకు పసుపు రాసుకుని, చీర కుచ్చెళ్లకు అంటించుకుని కారెక్కని ఇల్లు మన దగ్గర ఉండదు. దాన్ని సబ్బుతో రుద్దగానే ఎర్రగా మారి గుండె ఆగినంత పనవుతుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, సున్నం కలిపి పారాణి చేసేది దానితోనే. కంగారు పడక్కర్లేదు, మంచినీళ్ల గుడ్డతో తుడిచేస్తే ఎరుపు తగ్గుతుంది. మిగిలిన పసుపు ఛాయ కొన్నాళ్ల ఎండకు వెలిసిపోతుంది, ఎందుకంటే ఆ రంగు వెలుతురుకు నిలవదు. సీట్లకు మన ఎండ చేసే ఉపకారం ఇదొక్కటే. హోలీ రంగులకు ఈ భరోసా లేదు. ఆ రోజు కారు తీయకపోవడమే నయం.

ఇక రెండో సలహా, మనుషుల్ని ఆపమనేది. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది. మా బావగారి కారు సీట్లు మావాటికన్నా తెల్లన. ఆ మధ్య అందరం యాదగిరిగుట్ట వెళ్తుంటే మా అమ్మాయి స్నేహితురాలు కూడా వచ్చింది, నల్ల జీన్స్‌లో. బావగారు మంచిమనిషి, గట్టిగా ఏమీ అనలేదు. డిక్కీలోంచి దినపత్రిక తీసి సీటు మీద పరిచి, "పేపర్ మీద కూర్చో తల్లీ, సీటు ఖరాబైతది" అన్నారు. ఆ పిల్ల ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్ దాటి, గుట్ట దాకా కదిలితే పేపరు చప్పుడవుతుందని బిగుసుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు బస్సులో వస్తానంది. తమాషా ఏమిటంటే పత్రిక సిరా పూర్తిగా ఆరదు, పొద్దున్నే పేపరు చదివినవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. చెమట పట్టిన తొడల కింద రెండు గంటలు నలిగిన పేపరు ఆ తెల్ల సీటు మీద బూడిదరంగు గీతలు వదిలింది. ఆ పిల్ల ప్యాంటు ఏమీ వదల్లేదు, అది ఎన్నిసార్లో ఉతికిన పాత ప్యాంటు.

అతిథి ఒక్కసారి కూర్చుంటే సీటు పాడవదు. పాడు చేసేది రోజూ కూర్చునే మనమే, మన ప్యాంటే, మన బ్యాగే. అతిథి దిగిన సాయంత్రం తడిగుడ్డ ఒకసారి తిప్పితే సరిపోయేదానికి ఎదుటి మనిషిని పైనుంచి కింది దాకా చూసి బట్టలు అంచనా వేయడం ఏం మర్యాద? కారు ఉన్నదే మనుషుల్ని ఎక్కించుకోవడానికి. సీటు మీద అంత బెంగ ఉంటే నల్ల ఇంటీరియర్ తీసుకోవాల్సింది, అది కూడా షోరూమ్‌లోనే ఉంది. ఎండలో అది ఎంత కాలుతుందో మళ్లీ వేరే కథ.

కంపెనీల బాధ్యత కూడా ఉంది. కార్ల కంపెనీలు సీటు సరుకును ఎన్నో రకాల రాపిడి పరీక్షలకు పెట్టాకే ఎంచుకుంటాయి. కానీ బ్రోషర్‌లో సీటు రంగు పేరు వెండి అక్షరాల్లో ఉంటుంది, అది పీవీసీయా, పాలియూరిథేనా, ఏ భాగం అసలు తోలు అనేది ఉంటే గింటే చివరి పేజీలో చుక్క గుర్తు పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. జీన్స్ రంగు గురించి ఓనర్స్ మాన్యువల్‌లో ఒక వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. ఆ మాన్యువల్ ఇప్పుడు చాలావరకు క్యూఆర్ కోడ్ వెనకాల ఉంది. బట్టల కంపెనీలు ఈ విషయంలో కొంచెం నయం. చాలా ముదురు జీన్స్‌కి వేలాడే ట్యాగుల మీద, లేత రంగు ఫర్నిచర్‌కూ సీట్లకూ రంగు అంటవచ్చని స్పష్టంగానే రాస్తారు. ట్రయల్ రూమ్ నుంచి బయటికి వచ్చి బిల్లు కట్టాక మనం మొదట పీకి పారేసేది దాన్నే. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు సేల్స్ అబ్బాయిని సన్‌రూఫ్ గురించి కాకుండా సీటు సరుకు గురించి అడిగి చూడండి, ఏ భాగం దేనితో చేసిందో రాసివ్వమనండి. నేను అడిగితే లోపలికి వెళ్లి మేనేజర్‌ను తీసుకొచ్చాడు. మేనేజర్ కవర్ల కేటలాగ్ తీసుకొచ్చారు.